ముద్దాయి

తెలుగు కోర్టుల్లో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. బోనులో నిలబడేవాడు. ఉర్దూ చదువుకున్న మా పెద్దలకు ఈ మాట వింటే నవ్వొస్తుంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. నాకు అన్యాయం జరిగింది, నా హక్కు నాకిప్పించండి అని కోర్టు మెట్లెక్కినవాడు. ఎవరి మీద దావా పడిందో వాడు ముద్దా అలై. దావా, ముద్దయీ ఒకే అరబ్బీ మూలం నుంచి వచ్చిన మాటలు. దావాను తెలుగు సరిగ్గానే తీసుకుంది. దావా వేసినవాణ్ణి మాత్రం తీసుకెళ్ళి బోనులో నిలబెట్టింది.

ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వచ్చేటప్పుడు మాటలు ఇలా తారుమారు కావడం మామూలే. దాని మీద మాకేం తగాదా లేదు. తెలుగువాళ్ళ న్యాయమంతా మా మాటలతోనే నడుస్తోంది మరి. వకీలు, వకాల్తా, ఫిర్యాదు, జామీను, జప్తు, దస్తావేజు, ఖైదు, రుజువు అన్నీ ఆ దారిన వచ్చినవే. ఆఖరికి హక్కు అనే మాట కూడా. హక్కుల గురించి తెలుగులో మాట్లాడే ప్రతి మిత్రుడూ ఆ ఒక్క మాట దగ్గర మాకు బాకీ. కానీ ముద్దాయి దగ్గరికి వచ్చేసరికి మేం ఆగిపోతున్నాం. దావా వేయాల్సినవాడు బోనులో కనిపించడం మాకు భాషాశాస్త్రం సంగతి కాదు. 1948 తర్వాత తెలంగాణలో మా కథే అది.

హైదరాబాదు రాజ్యం పోయి ఇండియాలో కలిసిన కాలం ఒక చట్టం నుంచి ఇంకో చట్టానికి మారిన కాలం. ఆ మార్పులో బయటి దేశాల వకీళ్ళు పాల్గొన్నారు, బయటి దేశాల తీర్పులు చదివారు, ఐక్యరాజ్యసమితి గడప కూడా తొక్కారు. దాని గురించి తెలుగులో చాలా రాశారు. పోరాట చరిత్రలు రాశారు, నాటకాలు ఆడారు, సినిమాలు తీశారు. విమోచన అన్నవాళ్ళు వాళ్ళ కథ చెప్పారు, విలీనం అన్నవాళ్ళు వాళ్ళ కథ చెప్పారు. ఈ కథల్లో వకీలు ఎవరికి దొరికాడు, ఎవరికి దొరకలేదు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ సరిగ్గా వేయలేదు. అది మేం వేస్తున్నాం.

జనగామ తాలూకా కామారెడ్డిగూడెం షేక్ బందగి నుంచి మొదలుపెడదాం. అతను మొదట ఆయుధం పట్టిన మనిషి కాదు. తన భూమి కోసం కోర్టుకెళ్ళిన మనిషి. తగాదా సొంత అన్నదమ్ముల మధ్యదే. ఒక అన్న వెనక విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి నిలబడ్డాడు. బందగి లొంగలేదు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. గెలిచాడు. గెలిచినందుకు 1940 జులైలో దేశ్‌ముఖ్ మనుషులు దారి కాచి నరికి చంపారు. అతని సమాధి జనగామ, సూర్యాపేట రోడ్డు పక్కన ఉంది.

దీన్ని నెమ్మదిగా చదవాలి. ఒక పేద ముస్లిం రైతు, ముస్లిం ప్రభువు ఏలుతున్న రాజ్యంలో, ఉర్దూలో నడిచే కోర్టులో, తన మతంవాడే అయిన తోడబుట్టినవాడి మీద, హిందూ దేశ్‌ముఖ్ బలం మీద గెలిచాడు. కోర్టు అతనికి న్యాయమే చెప్పింది. ఆ న్యాయాన్ని కోర్టు మెట్ల నుంచి కామారెడ్డిగూడెం దాకా మోసుకెళ్ళే నాథుడే లేడు. అక్కడ నడిచేది విసునూరు గడీ చట్టం. ఠాణా గడీదే, కచేరీ గడీదే, కొట్టు గడీదే.

నిజాం రాజ్యం గొప్పలు చెప్పుకునే మా పాత పెద్దలకు ఇక్కడో మాట చెప్పాలి. 1921లోనే హైదరాబాదులో న్యాయశాఖను పాలనాశాఖ నుంచి విడదీశారని వాళ్ళు గర్వంగా చెప్తారు. నిజమే. బ్రిటిషు ఇండియాలో అది ఇంకా డిమాండుగా ఉన్న రోజుల్లో ఇక్కడ ఫర్మానా వచ్చింది. ఉస్మానియా తర్జుమా శాఖ ఇంగ్లీషు న్యాయగ్రంథాలను ఉర్దూలోకి దించింది. దేశభాషలో చట్టం చదివి వకీలయ్యే వీలు అప్పట్లో ఎంతమందికి ఉంది? కాదనం. కానీ ఆ సంస్కరణ హైకోర్టు గుమ్మటాల కిందే ఉండిపోయింది. జాగీర్లలో, పాయెగాల్లో, సంస్థానాల్లో 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయ్యేదాకా వాళ్ళ కోర్టులు, వాళ్ళ పోలీసులు వేరే. దేశ్‌ముఖ్‌ల గడీల సంగతి చెప్పనక్కర్లేదు. అది మా రాజ్యం అని చెప్పుకున్న ప్రతి నవాబూ బందగి సమాధి ముందు ఒకసారి ఆగి వెళ్ళాల్సింది. ఎవరూ ఆగలేదు.

ఎడమపక్క మిత్రులు ఆగారు. అందుకు మేం రుణపడి ఉన్నాం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు బందగి కథతో కదిలి 1947లో 'మాభూమి' నాటకం రాశారు. ఆంధ్రా పల్లెల్లో ఆ నాటకం ఎంతగా ఆడిందో వేరే చెప్పక్కర్లేదు. కోస్తా తెలుగువాళ్ళు తెలంగాణ ముస్లిం రైతును తలకెత్తుకోవడం చిన్న విషయం కాదు. అదే కాలంలో ఉర్దూలో కృష్ణచందర్ 'జబ్ ఖేత్ జాగే' రాశాడు. అందులో తెలంగాణ రైతుకూలీ బిడ్డ ఉరికి ముందు రాత్రి జైలు కొట్టులో కూర్చుని తన బతుకంతా తలచుకుంటాడు. గౌతమ్ ఘోష్ 'మాభూమి' సినిమాకు మూలం ఈ ఉర్దూ నవలే. తెలుగు నాటకానికి ముస్లిం రైతు ప్రేరణ, ఉర్దూ నవలకు తెలుగు రైతుకూలీ నాయకుడు. అప్పట్లో ఈ రెండు భాషలూ ఒకదాని ఇంట్లో ఒకటి ఇంత చనువుగా తిరిగేవి.

మా విమర్శ ఏమిటంటే, బందగిని అమరుడిగా తలచుకున్నారు గానీ దావాదారుడిగా తలచుకోలేదు. ప్రతి సభలో, ప్రతి స్తూపం దగ్గర అతను భూమి కోసం ప్రాణమిచ్చిన వీరుడు. ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగిన ఓపిక, కాయితాలు దాచుకున్న జాగ్రత్త, వకీలు ఫీజుకు అప్పు చేసే పేదరైతు బాధ ఎవరికీ పట్టలేదు. కోర్టుకు పోవడం విప్లవానికి తక్కువ అని ఒక చిన్నచూపు ఉండేది. పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పోరాటంలోనూ కోర్టు కేసులున్నాయి. ఆమె కథ చెప్పేవాళ్ళు కొంగు నడుముకు చుట్టి పంట కాపాడుకున్న ఘట్టాన్నే చెప్తారు. ఆ పంట వెనక కౌలు కాయితం ఉందన్న సంగతి మరుగున పడుతుంది. పేదవాడి చట్టబద్ధమైన పట్టుదలను మన సాహిత్యం పట్టించుకోదు. అది నెమ్మదైనది, రంగస్థలం మీద ఆడదు. కానీ హక్కు అనేది అక్కడే పుడుతుంది.

ఇప్పుడు బయటి దేశాల సంగతికి వద్దాం. ఆ రోజుల్లో హైదరాబాదు విషయంలో ఇద్దరు ఇంగ్లీషు వకీళ్ళు తెర మీదికి వచ్చారు.

మొదటివాడు వాల్టర్ మాంక్టన్. ఎనిమిదో ఎడ్వర్డు రాజు సింహాసనం వదులుకున్నప్పుడు ఆయనకు సలహా చెప్పిన వకీలు. నిజాముకు రాజ్యాంగ సలహాదారు. 1947 నవంబరు 29 నాటి యథాతథ ఒప్పందం దాకా జరిగిన బేరాల్లో ఈయన చెయ్యి ఉంది. తర్వాత 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. ఇండియా సైన్యం లోపలికి వచ్చాక సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి దాన్ని ఎత్తుకుంది. ఇండియా తరఫున రామస్వామి మొదలియారు లేచి హైదరాబాదు ఒక దేశం కాదు, మండలి ముందుకు వచ్చే అర్హత దానికి లేదు అన్నాడు. మర్నాడే నిజాం లొంగిపోయాడు. కొద్దిరోజులకు ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు.

ఆ ఫిర్యాదు మా పేరు మీద వేశారా? వేయలేదు. సింహాసనం పేరు మీద వేశారు. సింహాసనానికి ఒప్పందం కుదరగానే తీసేశారు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, భరణం కుదిరింది. రజాకార్ల పేరుతో ఊళ్ళ మీద పడ్డ పాపం మాత్రం ఊళ్ళలో ఉన్న ముస్లింల మెడకు చుట్టుకుంది. మహబూబాబాద్ దూదేకులవాడూ, జనగామ స్టేషను దగ్గర గుర్రపుబండి తోలేవాడూ, కసాయి, దర్జీ, ఫకీరు ఏ రాజ్యాన్నీ ఏలలేదు. ఏలినవాళ్ళ లెక్క మాత్రం వీళ్ళు చెల్లించారు.

ఈ మాట అంటే రజాకార్లను వెనకేసుకొస్తున్నారా అని అడిగేవాళ్ళుంటారు. అప్పటి జనగామ ప్రాంతంలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న జరిగిన నరమేధాన్ని మేం ఎప్పుడూ దాచలేదు. దాచం. అంతకు అయిదు రోజుల ముందు హైదరాబాదులో రజాకార్లు నరికి చంపిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ మానుకోట ప్రాంతంలో పుట్టినవాడు. మావాడు. రజాకార్లను ఉర్దూలోనే ఎదిరించి చచ్చిన మనిషి. ఈమధ్య, 2024లో, 'రజాకార్' అని సినిమా తీశారు. ఆ సినిమా చూసి థియేటర్ల బయట మమ్మల్ని ఎగాదిగా చూసిన కుర్రాళ్ళు బందగి పేరు కూడా విని ఉంటే బాగుండేది.

రెండో ఇంగ్లీషు వకీలు డి. ఎన్. ప్రిట్. హోచిమిన్ తరఫున లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో పనిచేసినవాడు. తర్వాత కెన్యాలో జోమో కెన్యాట్టా కేసు వాదించినవాడు. 1951లో ఈయన ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందు నిలబడ్డాడు. ఎవరి కోసం? తెలంగాణలో ఉరిశిక్ష పడిన రైతుల కోసం. ఉరికంబం ఎక్కాల్సిన పన్నెండుమందిలో జనగామ తాలూకా కడవెండి మనిషి నల్లా నర్సింహులు ఒకరు. కడవెండి అంటే 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన ఊరు. వాళ్ళను ఉరి నుంచి తప్పించాలని దేశవిదేశాల్లో ఉద్యమం నడిచింది. మన పల్లె మనిషి మెడ కోసం లండన్ వకీలు విమానమెక్కి వచ్చాడు. దీన్ని మించిన అంతర్జాతీయ న్యాయ సహకారం తెలంగాణ మళ్ళీ చూడలేదు. తర్వాతి కాలంలో ప్రపంచబ్యాంకు డబ్బుతో భూమి రికార్డులు సవరించే పథకాలు చాలా వచ్చాయి. అవి అప్పులు. ఇది అప్పు కాదు.

కేసు సంగతి వివరంగా చెప్పుకోవాలి. మన పోరాట చరిత్రల్లో దీనికి రెండు పేరాలకు మించి చోటు దొరకలేదు.

పోలీసు చర్య తర్వాత మిలిటరీ గవర్నరు జె. ఎన్. చౌధురి 1358 ఫస్లీ అయిదో రెగ్యులేషన్ కింద ప్రత్యేక ట్రిబ్యునళ్ళు పెట్టాడు. 1949 ఆగస్టులో ట్రిబ్యునల్ ఈ రైతులకు ఉరిశిక్ష వేసింది. డిసెంబరు 12, 13, 14 తేదీల్లో హైదరాబాదు హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆరు వారాలు తిరిగేసరికి 1950 జనవరి 26 వచ్చింది. రాజ్యాంగం అమలైంది, సుప్రీంకోర్టు పుట్టింది. ఖైదీలు దాని దగ్గరికి అప్పీలుకు వెళ్ళారు. 1950 డిసెంబరులో సుప్రీంకోర్టు మాకు అధికారం లేదు అంది. ఆ తీర్పు రాజ్యాంగానికి ముందుది, అప్పటికి హైదరాబాదు కోర్టులు ఇండియా భూభాగంలోని కోర్టులు కావు అని కారణం చెప్పింది.

ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 1948 సెప్టెంబరులో పారిస్‌లో హైదరాబాదు వేరే దేశం కాదు, అది మా ఇంటి సంగతి, బయటివాళ్ళు జోక్యం చేసుకోవద్దు. 1950 డిసెంబరులో ఢిల్లీలో 1949 నాటి హైదరాబాదు ఇండియా భూభాగం కాదు, అక్కడి తీర్పు మేం ముట్టుకోలేం. సైన్యం రావడానికి లోపల, అప్పీలు పోవడానికి బయట. న్యాయశాస్త్రం చదివినవాళ్ళు ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని నచ్చచెప్తారు. చెప్పగలరు కూడా. మాకు మాత్రం చట్టం మారే కాలంలో మనుషులు ఏ సందులో పడిపోతారో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించలేదు. రెండు చట్టాల మధ్య ఒక పగులు ఉంటుంది. అందులో పడ్డవాళ్ళకు పాత కోర్టూ లేదు, కొత్త కోర్టూ లేదు.

తలుపు మూసుకున్నాక ప్రాథమిక హక్కుల కింద ఇంకో పిటిషన్ వేశారు. అప్పుడే ప్రిట్ వచ్చాడు. మా వకీలు లేకుండానే విచారణ జరిపి ఉరి వేశారు, అది విచారణే కాదు అన్నది వాదనల్లో ఒకటి. దానికి ఆధారంగా అమెరికా తీర్పు ఒకటి చూపించారు. 1931లో అలబామా రాష్ట్రంలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద రైల్లో అత్యాచారం చేశారని కేసు పెట్టి, వకీలు ఉన్నాడో లేడో తెలియని హడావిడి విచారణలో ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. 1932లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. ప్రాణం పోయే కేసులో వకీలు లేకపోతే విచారణ లేనట్టే అంది. అలబామా నల్ల కుర్రాళ్ళ తీర్పు పందొమ్మిదేళ్ళ తర్వాత జనగామ రైతుల కోసం ఢిల్లీలో చదివారు.

1951 మార్చి 16న పిటిషన్ కొట్టేశారు. తీర్పు రాసింది జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ. వకీలు లేని ప్రతి ఉరికేసూ చెల్లదని నియమంగా చెప్పలేం, అయితే వకీలు లేకపోవడం వల్ల న్యాయమైన విచారణే జరగలేదని తేలితే అప్పీలు కోర్టు జోక్యం చేసుకోవచ్చు అన్నారు. అప్పీలు కోర్టు తలుపు మూసుకుపోయినవాళ్ళకు ఈ మాట ఎంత ఉపయోగమో పాఠకులే ఆలోచించుకోవచ్చు. చివరికి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. అందులో కోర్టు పాత్ర కంటే వీధి పాత్ర ఎక్కువ.

ఫజల్ అలీ గురించి ఒక మాట. ఈయనే పది నెలల ముందు, 1950 మేలో, ఎ.కె. గోపాలన్ కేసులో ఒంటరిగా ఎదురు నిలిచి, చట్టం అంటే శాసనసభ చేసిన కాయితం ముక్క మాత్రమే కాదు, అందులో సహజ న్యాయం ఉండాలని రాసినవాడు. ఆ భిన్నాభిప్రాయం 1978 నాటి మేనకాగాంధీ తీర్పు కాలానికి దేశానికి దారి అయింది. అంత చూపున్న మనిషి తెలంగాణ రైతుల దగ్గర ఎందుకు అడుగు వెనక్కి వేశారన్నది మాకు మింగుడుపడదు. 1955లో తెలంగాణను ఆంధ్రతో వెంటనే కలపొద్దని చెప్పిన రాష్ట్రాల పునర్విభజన కమిషన్‌కు ఈయనే అధ్యక్షుడు. తెలంగాణ చరిత్రలో రెండుసార్లు ఇంత ముఖ్యమైన చోట కనిపించిన ఈ ముస్లిం న్యాయమూర్తి మీద తెలుగులో చదవదగ్గ వ్యాసం ఒక్కటైనా మాకు కనిపించలేదు. పొగిడేది అక్కర్లేదు. తప్పుపట్టేదైనా రాయాలిగదా.

ప్రిట్ పక్కన కూర్చున్న వకీలు డేనియల్ లతీఫీ. మావాళ్ళలో చాలామందికి ఈ పేరు షాబానో దగ్గర తెలుసు. అవును, ఆయనే. జనగామ రైతుల మెడల కోసం ఫైళ్ళు మోసిన మనిషే ముప్పై నాలుగేళ్ళ తర్వాత, 1985లో, భర్త వదిలేసిన ఇండోర్ ముసలమ్మ భరణం కోసం అదే కోర్టులో వాదించాడు. గెలిచాడు. మా మతపెద్దలు వీధుల్లోకి వచ్చారు. 1986లో పార్లమెంటు ఆ తీర్పును పక్కకు నెట్టే చట్టం చేసింది. లతీఫీ ఆ చట్టాన్నీ సవాలు చేశాడు. 2001 సెప్టెంబరులో తీర్పొచ్చింది. ఇద్దత్ గడువులోనే స్త్రీ భవిష్యత్తుకంతా సరిపడే ఏర్పాటు భర్త చేయాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పు ఆయన పేరుతోనే ఉంది. వినడానికి ఆయన లేడు, అంతకు ముందటేడే పోయాడు.

మేం మా ఇంట్లోవాళ్ళను అడుగుతున్నాం. షాబానో కోసం నిలబడ్డప్పుడు ఆయన ఖౌముకు ద్రోహి అన్నారు. ఖౌము అంటే ఎవరు? మదరసా పెద్దలూ, వక్ఫ్ ముతవల్లీలూ, ఓట్లు గుత్తకిచ్చే నాయకులేనా? షాబానో ఖౌము కాదా? ఆమె ముద్దయీ. ఉర్దూ అర్థంలో ముద్దయీ. ఆమెను మనమే ముద్దాయిని చేశాం. ఇక తెలుగు భాషను తప్పుపట్టే మొహం మనకెక్కడిది?

మళ్ళీ 1948కి. దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన రైతును విచారించిన రెగ్యులేషనూ, రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీని విచారించిన రెగ్యులేషనూ ఒకటే. రజ్వీ కేసు కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1953లో ఓడిపోయాడు. ఆ ధర్మాసనంలో ఏకాభిప్రాయం లేదు. అతనికీ వకీలు ఉన్నాడు, వాదన ఉంది, అచ్చయిన తీర్పు ఉంది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. నిజాముకు మాంక్టన్. కమ్యూనిస్టులకు ప్రిట్. రజ్వీకి కూడా ఒక రికార్డు. మరి అతని పేరు చెప్పి పట్టుకుపోయిన వేలమంది మామూలు ముస్లింలకు? రజాకార్లన్న అనుమానంతో నిర్బంధించారు. చాలామందిని ఏ విచారణా లేకుండానే తర్వాత వదిలేశారు. విచారణ లేకపోతే తీర్పు లేదు. తీర్పు లేకపోతే నిర్దోషి అన్న మాటా లేదు. వాళ్ళు ఊరికి తిరిగొచ్చి ఆ అనుమానంతోనే బతికారు, అది పిల్లలకు ఆస్తిలా వచ్చింది.

చచ్చిపోయినవాళ్ళ సంగతి ఇంకోటి. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం 1948 చివర్లో ఊళ్ళు తిరిగి, తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది ముస్లింలు చనిపోయారని రాసింది. ఎక్కువ చావులు పడమటి జిల్లాల్లో, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు. ఈ సంగతి మేం దాచడం లేదు. నల్లగొండ, వరంగల్లు వైపు కమ్యూనిస్టుల పట్టున్న ఊళ్ళలో ముస్లింలను కాపాడుకున్నారని వాళ్ళ నాయకులు రాసుకున్నారు. దాన్ని కాదనే కారణం మాకు లేదు. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. దశాబ్దాలు గడిచాక గానీ మామూలు చదువరి చేతికి రాలేదు. కెనడా పండితుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లోనే విదేశీ పత్రికలో హైదరాబాదు ముస్లింల విషాదం మీద వ్యాసం రాశాడు. అంతర్జాతీయ న్యాయవాదులకు ఆ వ్యాసం అందే ఉంటుంది. ఒక్క వకీలూ మా కోసం విమానమెక్కలేదు. ఎందుకని? మాలో ఒక పార్టీ లేదు. రైతుల వెనక పార్టీ ఉంది, ఆ పార్టీకి లండన్‌లో, పారిస్‌లో చుట్టాలున్నారు. సంఘీభావం గాలిలో రాదు, సంఘం ఉన్నచోటికే వస్తుంది. మాకు సంఘం పేరుతో ఉన్నదల్లా మజ్లిస్. ఆ సంగతి చెప్పుకోకపోవడమే మేలు.

భూపాలపల్లి అడవి సంగతి కూడా ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వియన్నావాడు హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వం కింద కోయలు, కొండరెడ్లు, గోండుల మధ్య తిరిగి నివేదికలు రాశాడు. తర్వాత వాళ్ళకు సలహాదారయ్యాడు. 1356 ఫస్లీ, అంటే 1946 నాటి గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ ఆ పని నుంచే వచ్చింది. కోయ పెద్దల పంచాయితీని చట్టం గుర్తించింది. మూడు నాలుగేళ్ళు తిరక్కుండానే, దళాలు మానుకోట, ములుగు అడవుల్లోకి తప్పుకున్నప్పుడు, అదే కోయల గూడేలు ఖాళీ చేయించి శిబిరాలకు తోలారు. విదేశీ పండితుడి సలహాతో ఇచ్చింది మిలిటరీ అవసరంతో పోయింది. ఆ అడవుల్లో కోయల్ని పీడించిన అమీన్లలో, గుత్తేదార్లలో మా పేర్లవాళ్ళూ ఉన్నారు. పేరొక్కటే మాది, వాళ్ళ లాభంలో మాకు వాటా లేదు. అయినా కోయల ముందు ఆ పేరు మోయాల్సింది మేమే.

ఇవాళ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లాలయ్యాయి. 2022 జూన్ నుంచి వేటికవే జిల్లా కోర్టులు. వరంగల్లు దాకా బస్సెక్కే బాధ తప్పింది, మంచిదే. 1995 నుంచి ఉచిత న్యాయసహాయ చట్టం అమల్లో ఉంది. ఆ హక్కు 1979లో కోర్టు నోట పలికించిన కేసు బీహారు జైలు ఖైదీ హుసైనారా ఖాతూన్ పేరు మీద ఉందని లా కాలేజీ పిల్లలు చదువుతారు. ప్రిట్ ఓడిపోయిన వాదన ఒక ముస్లిం ఆడమనిషి పేరు మీద గెలిచింది. అయినా ప్రభుత్వమే ఏటా వేసే జైలు లెక్కల్లో విచారణ ఖైదీల్లో మావాళ్ళ వాటా జనాభాలో మా వాటా కంటే ఎక్కువే. 2007 మక్కా మసీదు పేలుడులో చచ్చిందీ మావాళ్ళే, ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. కోర్టు వాళ్ళను నిర్దోషులంది. ఫిర్యాదీలుగా నిలబడాల్సినవాళ్ళు ముద్దాయిలుగా నిలబడి బయటికొచ్చారు.

2015 ఏప్రిల్ 7న వరంగల్లు జైలు నుంచి అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలను హైదరాబాదు కోర్టుకు వాయిదాకు తీసుకెళ్తూ, జనగామ దాటాక ఆలేరు దగ్గర పోలీసులు వ్యానులోనే కాల్చి చంపారు. తుపాకులు లాక్కోబోయారన్నారు. ఫోటోల్లో చేతులకు బేడీలున్నాయి. వాళ్ళ మీద ఉన్న కేసులు చిన్నవి కావు. అవి రుజువవుతాయో లేదో చెప్పాల్సింది ఆ రోజు వాళ్ళు వెళ్తున్న కోర్టే. ప్రభుత్వం సిట్ వేసింది. అలబామా తీర్పును తలచుకున్నవాళ్ళు, ప్రిట్ వారసులమని చెప్పుకునే వకీళ్ళు కొద్దిమంది మాట్లాడారు, హక్కుల సంఘాలు వచ్చి నిజనిర్ధారణ చేశాయి. మిగతా తెలుగు సాహిత్య లోకం గుసగుసగా మాట్లాడుకుంది.

జనగామ నుంచి ఒక రోడ్డు సూర్యాపేటకు పోతుంది, దాని పక్కన కేసు గెలిచి చచ్చినవాడి సమాధి. ఇంకో రోడ్డు ఆలేరు మీదుగా హైదరాబాదు పోతుంది, దాని మీద కేసు తేలకముందే అయిదుగురు చచ్చారు. మొదటివాడి మీద నాటకం వచ్చింది. రెండోదాని గురించి కథ రాసిన మా కుర్రాడొకడికి పత్రిక నుంచి కథ తిరిగొచ్చింది. సమయం కాదు అని చీటీ పెట్టారట. ఆ కథ ఈ సంకలనం తర్వాతి భాగంలో వేస్తున్నాం.